చప్పుడు లేని పెట్టెకు నీడ

ఎండలు ముదిరాయంటే ధర్మవరంలోని ఆ వీధి ఆడవాళ్లకు పొద్దున్నే ఒక పని పడుతుంది. పెరుగు గిన్నెలు, పాల క్యాన్లు, కనకాంబరాల పొట్లాలు పట్టుకొచ్చి జ్యోతిలక్ష్మి నీడలో పెట్టి, ఎవరి పనుల మీద వాళ్లు పోతారు. ఆమె అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటుంది. ఆమె నీడ అరుగు దిగి, మెట్ల మీదుగా వీధిలోకి పరుచుకుని ఉంటుంది. పసిబిడ్డలకు చెమటకాయలు లేస్తే తల్లులు తెచ్చి ఆ నీడలో పడుకోబెడతారు. కరెంటు పోయిన రోజున చక్కెర జబ్బున్న పక్కింటి పంతులమ్మ తన ఇంజెక్షన్ సీసా పట్టుకొచ్చి, "జ్యోతీ, రోంత ఇట్ల జరిగి కూచో తల్లీ" అంటుంది. జ్యోతిలక్ష్మి జరుగుతుంది.

ఆమె నీడ చల్లన. చల్లన అంటే చెట్టు కింద ఉండే చల్లదనం కాదు. కొత్తకుండ నీళ్లలో మోచేతిదాకా చెయ్యి పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ అంతే. ఒకరికి గొంతు బాగుంటుంది, ఒకరికి జడ పొడుగు ఉంటుంది, ఆమెకు నీడ చల్లన. దాని గురించి ఎవరూ ఏమీ అనుకోరు, పెరుగు పులవకుండా ఉందా లేదా అని మాత్రం చూసుకుంటారు.

ఆ వీధిలో ఈ నీడతో ఇన్నేళ్లుగా ఏ పనీ పడని మనిషి ఆమె అన్న గంగాధరప్ప ఒక్కడే. ఆయనకు చెవులు తప్ప తన ఒంట్లో మిగతా భాగాల మీద పెద్ద గౌరవం లేదు. బజారులో పట్టుచీరల అంగడి ఆయనదే, అంటే బోర్డు మీద పేరు ఆయనది. పొద్దున తాళం తీసి, బేరాలాడి, విప్పిన చీరలన్నీ మళ్లీ మడతలు పెట్టి, నడుం పట్టుకుని ఇంటికి వచ్చేది భార్య సునంద. గంగాధరప్ప పని సంగీతం వినడం. అది కూడా మీరూ నేనూ విన్నట్టు కాదు. గుడి మైకు మోగితే ముక్కు విరుస్తాడు. పెళ్లి ఊరేగింపు వస్తే కిటికీలు బిగిస్తాడు. ఎవరైనా ఫోనులో పాట పెట్టుకుని వింటుంటే, అన్నంలో పడ్డ ఈగను చూసినట్టు చూస్తాడు. నిజం చెప్పాలంటే ఆయన వినేది పాట కాదు. పాట వెనకాల ఏ చప్పుడూ లేదు కదా అన్నది వింటాడు. ఉంటే ఆ రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు.

ఆయనకు అసలు పగ ఫ్యాను మీద. ఈ ఊళ్లో ఎండాకాలం ఫ్యాను కింది చోటు కోసం అన్నదమ్ములు మాటలు మానేస్తారు. గంగాధరప్ప తన గదిలో ఫ్యానును పీకించి అటక మీద పడేశాడు. తరువాత పాటలు దాచుకున్న కంప్యూటరు మీద పడ్డాడు. అందులో కూడా అరచేయంత ఫ్యాను ఒకటి తిరుగుతుందని తెలిసిన రోజున, ఇంట్లో దొంగ దొరికినంత పని చేశాడు.

"గురక పెడతాంది, విన్నావా?" అని చెల్లెల్ని పిలిచి అడిగాడు.

"నాకేం వినపడలేదన్నా."

"నీకు యాడ వినపడతాది," అన్నాడు, జాలిగా కూడా కాదు.

అప్పటి నుంచి ఫ్యాను లేని కంప్యూటరు కట్టడం మొదలైంది. ఇంట్లో ఉన్న పాటలన్నీ, నాయన కాలం నాటి క్యాసెట్లతో సహా, ఒక పెట్టెలోకి ఎక్కించాలి. ఆ పెట్టె కిక్కురుమనకుండా ఒక మూల కూర్చుని స్పీకర్లకు పాటలు అందించాలి. తిరిగేది ఏదీ లోపల ఉండకూడదు, డిస్కు కూడా. ఎలా చేయాలో ఇంటర్నెట్టులో చదివాడు. రాసినవాళ్లంతా మంచు కురిసే దేశాలవాళ్లు. స్వెటరు వేసుకుంటే తప్ప గదిలో కూర్చోలేనివాళ్ల మాట నమ్మి, బెంగుళూరు నుంచి అల్యూమినియం పెట్టె తెప్పించాడు. చుట్టూ దువ్వెన పళ్లలా రెక్కలు. లోపలి వేడిని రాగి గొట్టాలు ఆ రెక్కలకు చేరవేస్తాయట, రెక్కలు గాలిలోకి వదిలేస్తాయట. గాలి మటుకు ఏ దేశానిదని ఆయన ఎవరినీ అడగలేదు. చప్పుడు రాకుండా నాలుగు వైపులా రబ్బరు పూసి మూసిన ఆ గదిలో గాలి అనేది ఉంటే కదా.

దానికి తోడు సొంత తెలివి ఒకటి జోడించాడు. మన ఇళ్లలో నేల బండలు కాళ్లకు చల్లగా తగులుతాయి కాబట్టి, పెట్టె కింద కూడా తాడిపత్రి నల్ల బండ వేస్తే చల్లగా ఉంటుందని పడమటి గోడకు ఆనించి అరుగు కట్టించాడు. మధ్యాహ్నానికి గోడ కాలి, బండ కాలి, పెట్టె అడుగు నుంచి ఉడికింది. ఆలాపన పైస్థాయికి పోతుండగా ఆగిపోయింది. మరునాడూ అంతే. అంగడి నుంచి భోజనానికి వచ్చిన సునంద బండ మీద చెయ్యి వేసి చూసి, "దోసెపిండి తెచ్చేదా?" అని అడిగింది. తన స్థాయికి తగని ప్రశ్నలకు గంగాధరప్ప సమాధానం చెప్పడు.

ఒక పొద్దున జ్యోతిలక్ష్మి కాఫీ పట్టుకుని ఆ గదిలోకి వెళ్లింది. ఇంకా పాట మొదలుపెట్టలేదు కాబట్టి తూర్పు కిటికీ తెరిచి ఉంది. ఎండ ఆమె వీపున పడి, నీడ పోయి పెట్టె మీద పడింది. తెర మీద పెట్టె వేడిని చూపించే అంకె ఒకటి ఉంటుంది, గంగాధరప్ప రోజంతా దాని ముందే కాపురం. ఆ అంకె జారడం మొదలుపెట్టింది.

"కదలాకు," అన్నాడు.

"కాఫీ అన్నా."

"కాఫీ సంగతి ఎవరడిగినారు? ఆడనే ఉండు."

ఆయన ఆశ్చర్యపోలేదు. చెల్లెలి నీడ సంగతి తెలియకపోవడానికి ఆయన పొరుగూరివాడేమీ కాదు. ఇంతకాలం అది ఆడవాళ్ల పెరుగు గిన్నెల వ్యవహారమనుకుని దానివైపు చూడలేదు, అంతే. ఇప్పుడు రాగి గొట్టాల పక్కన ఇంకో సామాను చేరింది.

మరునాటి నుంచి ఆమె చోటు అరుగు మీద కాదు, ఆ గదిలో స్టూలు మీద. కిటికీ తెరిస్తే వీధి చప్పుడు వస్తుంది, మూస్తే నీడ పడదు. అందుకని ఆమె వెనకాల లైటు పెట్టాడు. కొత్తరకం బల్బు గుయ్‌మంటోందని దాన్ని తీసి, ఎక్కడి నుంచో పాతకాలపు పసుపు బల్బు తెచ్చి, నీడ చిక్కగా రావాలని ఆమె వీపుకు దగ్గరగా బిగించాడు. పెట్టె చల్లగా ఉండేది, ఆమె వీపు మాడేది. గాజులు తీయించాడు, గలగలమంటున్నాయని. గంజిపెట్టిన చీర కట్టుకోవద్దన్నాడు. వక్కపలుకు బుగ్గన పెట్టుకుంటే అదీ ఉమ్మించాడు. వీధిలో పెరుగు పులిసింది. పంతులమ్మ రెండుసార్లు వాకిట్లోకి వచ్చి, మూసిన తలుపు చూసి వెనక్కి పోయింది.

జ్యోతిలక్ష్మి కూర్చుంది. ఎందుకు కూర్చుందని అడిగితే సమాధానం సులువు. భర్త హిందూపురంలో ఇంకో సంసారం పెట్టుకున్నప్పుడు పెట్టె సర్దుకుని వచ్చింది ఈ ఇంటికే. అప్పుడు అన్న ఒక్క మాట అనలేదు. అనకపోవడమే పెద్ద ఉపకారం కింద లెక్క. ఆ లెక్క ఎప్పుడు తీరుతుందో ఎవరూ చెప్పరు కాబట్టి, స్టూలు మీద కూర్చుని పెట్టె వైపు చూస్తూ అన్నను లోపల్లోపల తిట్టుకునేది. ఆయన కళ్లు మూసుకుని తల ఊపుతుంటే, తాళం తప్పుతోందని ఆమెకు తెలిసేది. వీధిలో పసిపిల్లలు కూడా ఇంతకన్నా మేలుగా చప్పట్లు కొడతారని అనుకునేది.

అలా ఉండగా యాడికి అనే ఊరి నుంచి ఈశ్వరి ఫోను చేసింది. ఇద్దరూ బడిలో ఒకే బెంచీ. ఈశ్వరి వాళ్లకు తమలపాకు తోట ఉంది.

"ఆకు కోస్తే బజారుకు పోయేలోపల బుట్టలోనే ఉడికిపోతాందే," అంది ఈశ్వరి. "తడిగుడ్డ కప్పినా నిలవడం ల్యా. నువ్వొచ్చి బుట్టల పక్కన కూచుంటే సాలు. సగం నీది, సగం నాది. కూలి కాదు, పాలు. పెండ్లిండ్ల దినాలు వస్తాండాయి, నువ్వు రాకుంటే తాడిపత్రిలో ఒకామెకు మాట ఇయ్యాల. ఆదివారం నేనే వస్తా, ఔనో కాదో నోటితో సెప్పు."

జ్యోతిలక్ష్మికి ఆ పూట అన్నం రుచిగా ఉంది. తనది అని చెప్పుకోవడానికి సగం తమలపాకు బుట్ట అయినా ఉంటుందని అనుకోవడంలోనే అంత సుఖం ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. సాయంత్రం అన్నతో చెప్పింది.

గంగాధరప్ప నవ్వాడు. "ఆకులకు కాపలా కూచుంటావా? ఈడ సంగీతానికి కూచున్నావు. తేడా తెలియదా నీకు?"

"తెలుసన్నా. అందుకే పోతానంటాండా."

"నా మాట కాదని పోతే మళ్లా ఈ గడప తొక్కాకు. ఆ ఆకులోళ్లు తరిమేస్తే యాడికి పోతావో నువ్వే చూసుకో."

ఆ మాట గట్టిగా తగిలింది. ఒకసారి మొగుడి ఇల్లు పోయిన మనిషికి రెండో ఇల్లు పోవడమంటే ఏమిటో వేరే చెప్పాలా. ఆదివారం ఈశ్వరికి కాదనే చెప్పాలని మనసు రాయి చేసుకుంది. చేసుకున్నాక అన్న మీద అసహ్యం ఇంకాస్త పెరిగింది, తన మీద కూడా.

గంగాధరప్ప కూడా ఆదివారం మధ్యాహ్నమే పెట్టుకున్నాడు తన వేడుక. అనంతపురం నుంచి శ్రీరంగప్ప గారు వస్తున్నారు. సంగీత సభ నడిపే పెద్దమనిషి. ఎవరి కచేరీ అయినా ఆయన బాగుందంటే బాగున్నట్టు. 'ధర్మవరంలో వినడం తెలిసినవాడు ఒకడున్నాడు' అని ఆయన నోట రావాలి, గంగాధరప్ప బతుకుకు అంతకుమించి కోరిక లేదు. ఐజాక్‌ను కూడా పిలిచాడు. ఐజాక్ పెళ్లిళ్లకూ చర్చి కూటాలకూ స్పీకరు బాక్సులు అద్దెకిస్తాడు. అతన్ని పిలిచింది గౌరవించడానికి కాదు, సిగ్గుపడి పోతాడని.

ఆదివారం మధ్యాహ్నం ఎండ గోడలను కూడా వదలకుండా కాల్చింది. అంగడికి సెలవు కాబట్టి సునంద ఇంట్లోనే ఉంది. ఈశ్వరి ఆకుల బుట్టతో బస్సు దిగి వచ్చి వాకిట్లో కూర్చుంటే, ఆమెకు మజ్జిగ ఇచ్చింది. లోపల గదిలో రబ్బరు తలుపు మూసుకుంది. స్టూలు మీద జ్యోతిలక్ష్మి, ఆమె వీపున బల్బు, ఎదురుగా పెట్టె. కుర్చీల్లో శ్రీరంగప్ప గారూ ఐజాకూ. గంగాధరప్ప నిలబడి పెట్టె గొప్పతనం చెప్పడం మొదలుపెట్టాడు. లోపల కదిలేది ఒక్కటీ లేదన్నాడు, వేడి దానంతట అదే పోతుందన్నాడు. చెల్లెలి ప్రస్తావన ఎక్కడా రాలేదు. ఆయన చెప్పడం ముగిసేసరికి శ్రీరంగప్ప గారి ఖద్దరు చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

వీణ మొదలైంది. బాగానే ఉంది. కానీ ఆ గదిలో ముగ్గురు మగవాళ్ల ఊపిరి, ఒక బల్బు, కాలిన గోడ. కాసేపటికి శ్రీరంగప్ప గారి కుర్చీ కాస్త పక్కకు జరిగింది. ఇంకాసేపటికి ఇంకాస్త జరిగింది. ఆయన మోకాళ్లు జ్యోతిలక్ష్మి నీడ అంచును చేరాయి. ముఖంలో మొదటిసారి రసానుభూతి కనబడింది.

ఐజాక్‌కు అంత మొహమాటం లేదు. "అక్కా, నేనూ కాళ్లు పెట్టుకుంటానక్కా," అని కుర్చీతో సహా లేచి వచ్చి నీడలో వేసుకున్నాడు.

"ఏమప్పా మీరు!" అన్నాడు గంగాధరప్ప, గొంతు అణచుకుని. "నీడ పెట్టెకప్పా! మనుషులకు కాదు!"

తెర మీద అంకె ఎక్కుతోంది. ఆయన ఐజాక్ కుర్చీని వెనక్కి లాగాడు. శ్రీరంగప్ప గారి కుర్చీ మీద చెయ్యి వేసి, ఎవరిదో గుర్తొచ్చి తీసేశాడు. వీణ అన్నిటికన్నా మెల్లని చోటుకు దగ్గరపడింది. మీటిన తీగ ఆగిపోయే చోటు, దానికోసమే ఇంత ఖర్చూ ఇంత తంటా. గంగాధరప్ప కళ్లు మూసుకున్నాడు. వెంటనే తెరిచాడు.

"ఏదో చప్పుడు," అన్నాడు.

అందరూ విన్నారు. ఎవరికీ ఏమీ వినబడలేదు. ఆయన స్పీకరుకు చెవి ఆనించాడు. పెట్టెకు ఆనించబోయి చెవి కాలి వెనక్కి తీశాడు. బల్బు చుట్టూ తిరిగాడు. తిరిగి తిరిగి వచ్చి చెల్లెలి ముందు ఆగాడు, వంగి ముఖంలో ముఖం పెట్టాడు.

"నీ ఊపిరి," అన్నాడు.

"ఏమన్నా?"

"నీ ఊపిరి వినపడతాంది. రోంత తగ్గించుకో."

జ్యోతిలక్ష్మికి కోపం రాలేదు. కోపమే వచ్చి ఉంటే కూర్చునే ఉండేది, ఇన్నాళ్లూ కోపంతోనే కదా కూర్చుంది. అన్న ముఖం అంత దగ్గరగా చూడడం చాలా ఏళ్ల తరువాత అదే. చెమట కారుతున్న ముక్కు, చెవుల్లో తెల్లవెంట్రుకలు, కళ్లలో నిజంగానే బాధ. ఈయన నిజంగానే బాధపడుతున్నాడు, చెల్లెలు ఊపిరి పీలుస్తోందని. ఇంతేనా ఈ మనిషి, అనుకుంది. ఈ బొమ్మ మాటకా నేను భయపడింది? ఈశ్వరికి కాదని చెప్పాలనుకున్నది ఈయన కోసమా?

"తగ్గించేదెందుకులే అన్నా," అంది. "మొత్తం తీసుకపోతా."

లేచింది. ఆమెతో పాటు నీడా లేచింది. పెట్టె మీద నుంచి జారి, బండ మీద నుంచి దిగి, శ్రీరంగప్ప గారి మోకాళ్ల మీదుగా నేల మీదికి వచ్చింది. ఆయన "అయ్యయ్యో" అని, తనకు తెలియకుండానే లేచి దాని వెంట నడిచాడు. ఐజాక్ ఎప్పుడో తలుపు దగ్గర ఉన్నాడు.

"కూచో!" అని అరిచాడు గంగాధరప్ప. ఆ గదిలో అంత పెద్ద చప్పుడు అంతకుముందు ఎవరూ చేయలేదు. "జ్యోతీ, కూచో! అంకె చూడు!"

ఆమె తలుపు తీసింది. మధ్యాహ్నపు వేడి గాలి గదిలోకి చొరబడింది. తీగ ఆగే చోటుకు ఇంకా రాకముందే వీణ పుటుక్కున ఆగిపోయింది, తెర నల్లబడింది. వాకిట్లో ఆమె పక్కన చల్లగా నిలబడ్డ శ్రీరంగప్ప గారు వెనక్కి తిరిగి, "బాగుండాదప్పా గంగాధరప్పా, అయిపోయిందా?" అని అడిగారు. అనంతపురం సభలో ఆయన ఆ పెట్టె గురించి తరువాత ఒక్క మాట కూడా అనలేదని విన్నాం.

గంగాధరప్ప గడప దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. "ఇప్పుడు దాటినావంటే మళ్లా ఈ గడప..."

"ఆ గడప కడిగేదీ నేనే, పసుపు పూసేదీ నేనే," అంది సునంద, మజ్జిగ చెంబు కింద పెట్టి. "దాన్ని ఎవరు తొక్కాల్నో నేను సెప్తాలే. నువ్వు పో జ్యోతీ. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు రా."

గంగాధరప్ప భార్య వైపు చూశాడు. అంగడి తాళంచెవులు ఆమె బొడ్లో ఉన్నాయి, ఎన్నేళ్లుగానో. ఆయన ఆ సంగతి అప్పుడే గమనించినట్టు కనిపించాడు. పెట్టె దగ్గరకు పోయి దాన్ని వార్తాపత్రికతో విసరడం మొదలుపెట్టాడు.

ఈశ్వరి బుట్ట నెత్తిన పెట్టుకుంది. "ఔనా, కాదా?" అని అడిగింది, ఆదివారం నాడు అడుగుతానన్నది కాబట్టి.

"పద," అంది జ్యోతిలక్ష్మి.

యాడికిలో ఆకు నిలిచింది. పొద్దున కోసిన ఆకు సాయంత్రానికీ అప్పుడే తీగ నుంచి తీసినట్టు ఉంటోందని గుత్తి నుంచి, తాడిపత్రి నుంచి మనుషులు వచ్చి కట్టలకు కట్టలు పట్టుకుపోయారు. లేపాక్షి దగ్గర పెళ్లివాళ్లు కూడా ఈ ఆకే కావాలన్నారు. బుట్టల పక్కన కూర్చున్న ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఒకరిద్దరు ముసలివాళ్లు వచ్చి ఆ నీడలో కాసేపు కూర్చుని, బీడీ కాల్చుకోబోయి, ఆకుకు పొగ తగులుతుందని ఆర్పేశారు. సునంద ఫోను చేసి అటక మీది ఫ్యాను దిగిందని చెప్పింది. గంగాధరప్ప దాని కిందే కూర్చుని పాత కంప్యూటరులో పాటలు వింటున్నాడట. కంప్యూటరు గురక వినబడుతోందా అని సునంద అడిగితే, ఫ్యాను చప్పుడులో వినబడడం లేదన్నాడట.

పెళ్లిళ్ల రద్దీ తగ్గిన ఒక రోజున ఈశ్వరి ఆమెను మొదటిసారి తోటలోపలికి తీసుకుపోయింది. ఆకుతోటలోకి చెప్పులతో పోరు. ఇద్దరూ గట్టు మీద చెప్పులు విడిచి, వంగి లోపలికి దూరారు. అవిసె చెట్ల నిండా తమలపాకు తీగలు అల్లుకుని, ఎండ అనేదే లేకుండా అంతా పచ్చని చీకటి. కాలువలో నీళ్లు మెల్లగా పారుతున్నాయి. ఈశ్వరి కోతవాళ్ల దగ్గరకు పోయింది. జ్యోతిలక్ష్మి కాళ్లు నీళ్లలో పెట్టుకుని కాలువ గట్టున కూర్చుంది.

మెడ వెనకాల ఏదో చల్లగా తగిలింది. ఎవరో వచ్చి నిలబడ్డారనుకుని తిరిగి చూసింది. ఎవరూ లేరు. ఆ చల్లదనం భుజాల మీదికి దిగింది, వీపు మీదికి దిగింది, బల్బు కాల్చిన చోట కాసేపు నిలిచింది. కిందికి చూసుకుంటే నేల మీద ఆమె నీడ లేదు. ఆకుల నీడలో కలిసిపోయింది.

పసిబిడ్డలు, పంతులమ్మ, కుక్కలు, పెరుగు గిన్నెలు, ఆఖరికి ఒక అల్యూమినియం పెట్టె, అందరూ ఆమె నీడలో కూర్చున్నారు. నలభై ఏళ్లకు దగ్గరపడుతున్నా ఆమె మటుకు ఒక్కసారి కూడా ఏ నీడలోనూ ఇలా కూర్చోలేదు. తన నీడలో తాను కూర్చోవడం ఎవరి తరమూ కాదు కదా.

ఈశ్వరి ఆకుల కట్టతో తిరిగి వచ్చి ఆమెను చూసి ఆగింది.

"ఏమే, ఏడుస్తాండావా?"

"ల్యా," అంది జ్యోతిలక్ష్మి, గట్టిగా ఊపిరి పీల్చి వదులుతూ. "చల్లగా ఉండాది. నువ్వు పోతాండు, నేను రోంత సేపు కూచుంటా."